కొండ మీది అడవికి పేరు పెట్టడం ఎలా?

సింహాచలం కొండ దారిలో నిలబడి "ఇది ఏ అడవి?" అని నలుగురిని అడగండి. అటవీశాఖ బీట్ ఆఫీసర్ "మిక్స్‌డ్ అండీ" అంటారు. బోటనీ చదివిన అమ్మాయి "పొడి ఆకురాల్చే అడవి" అంటుంది. కంప్యూటర్ ముందు ఉపగ్రహ చిత్రాలు చూసే కుర్రాడు "ఓపెన్ ఫారెస్ట్" అంటాడు. కొండ కింద ఊరివాళ్లు "అడవేంటి, అవన్నీ జీడిమామిడి తోటలే కదా" అంటారు. వీళ్లలో ఎవరిదీ తప్పు కాదు. ఒకరు చెట్ల కలయికను చూస్తున్నారు, ఒకరు వాతావరణాన్ని, ఒకరు నీడ ఎంత దట్టంగా ఉందో, ఇంకొకరు పంటను.

ప్లాన్ రాసేటప్పుడు, రిపోర్టు ఇచ్చేటప్పుడు ఇలా కుదరదు. ఇవాళ మీరు పెట్టిన పేరే పదేళ్ల తర్వాత ఇంకొకరు వచ్చి కొలిచినా రావాలి. అందుకు చెట్ల గురించి ఎంత తెలిసినా చాలదు. ఏ కొలత మీద, ఎంత శాతం దాటితే ఏ పేరు పెడతారన్నది అడవిలో అడుగు పెట్టకముందే కాగితం మీద రాసి ఉండాలి. ఫారెస్ట్రీ, బోటనీ ప్రాజెక్టులు చేసేవాళ్లు, వనసంరక్షణ సమితికో గ్రామసభకో అటవీ ప్లాన్ రాసిపెట్టేవాళ్లు, ఫ్యాక్టరీ గ్రీన్‌బెల్ట్ లెక్కలు చూసేవాళ్లు ఎవరైనా కింది పద్ధతిలో వెళ్లొచ్చు.

1. ఎవరికి ఇస్తున్నారో ముందు తేల్చుకోండి

ఒకే కొండకు రెండు రిపోర్టుల్లో రెండు జవాబులు రావచ్చు, రెండూ సరైనవే కావచ్చు. డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా లెక్కలో ఒక హెక్టారుకు మించి, చెట్ల నీడ (పైన కొమ్మలు, ఆకులు నేలను కప్పే వాటా) 10 శాతం, అంతకు మించి ఉన్న ప్రతి జాగా అటవీ విస్తీర్ణమే. భూమి ఎవరిదైనా, చెట్టు ఏదైనా సరే. తోటలు, వెదురు, తాటిచెట్లు కూడా అందులోకే వస్తాయి. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ నిర్వచనం వేరు. అర హెక్టారు విస్తీర్ణం, 5 మీటర్ల ఎత్తు, 10 శాతం నీడ ఉండాలి. పండ్ల తోటలు, చెట్ల నీడన పండించే పంటలు మాత్రం అడవి కిందికి రావు.

విశాఖ వాళ్లకు ఇది ఉత్త పుస్తకాల గొడవ కాదు. కొండవాలు మీద ఉన్న జీడిమామిడి తోట మొదటి లెక్కలో అటవీ విస్తీర్ణం, రెండో లెక్కలో కాదు. పాడేరు, అరకు, చింతపల్లి వైపు సిల్వర్ ఓక్ నీడన పెరిగే కాఫీదీ ఇదే కథ. పైనుంచి చూస్తే దట్టమైన అడవిలా కనిపిస్తుంది, కిందికి దిగితే కాఫీ మొక్కలు, చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు. కాబట్టి మీ నోట్‌బుక్ మొదటి పేజీలో ఏ నిర్వచనం వాడుతున్నారో, ఎవరికి ఇస్తున్నారో రెండు వాక్యాల్లో రాసేయండి.

ఇంకో తేడా కూడా గుర్తుండాలి. ప్రభుత్వ రికార్డుల్లో అడవిగా నమోదైన భూమి వేరు, చెట్లతో కప్పి ఉన్న భూమి వేరు. రిజర్వు ఫారెస్టులో బోడి గుట్టలు ఉంటాయి, పట్టా భూముల్లో దట్టమైన తోపులు ఉంటాయి. సింహాచలం పరిసరాల్లో దేవస్థానం భూములు కూడా ఉన్నాయి. యాజమాన్యానికి విడిగా ఒక కాలమ్ పెట్టండి. దాన్ని అడవి రకంతో కలపకండి.

2. అనుమతి, సరిహద్దు

రిజర్వు ఫారెస్టులో పని అయితే డీఎఫ్‌వో (అటవీ అధికారి) ఆఫీసు నుంచి ఉత్తరం తీసుకోండి. కంబాలకొండ అభయారణ్యం కాబట్టి అక్కడ పరిశోధనకు 1972 వన్యప్రాణి చట్టం 28వ సెక్షన్ కింద అనుమతి కావాలి. అక్కడ చిరుతలున్నాయి; ఒంటరిగా వెళ్లకండి, పొద్దు వాలేలోపు దిగిపోండి. విశాఖ నేవీ ఉన్న ఊరు, యారాడ, డాల్ఫిన్స్ నోస్ వైపు ఆంక్షలు ఎక్కువ. డ్రోన్ ఎగరేస్తే పని సులువవుతుందన్న ఆలోచన వస్తే, రాతపూర్వక అనుమతి చేతికొచ్చేదాకా దాన్ని పెట్టెలోనే ఉంచండి.

సరిహద్దుకు అటవీశాఖ కంపార్ట్‌మెంట్ (అడవిని విడగొట్టి నంబరు వేసిన ముక్క) మ్యాప్ దొరికితే అంతకంటే మంచిది లేదు. అడవి నిర్వహణ పనులన్నీ కంపార్ట్‌మెంట్ వారీగానే నడుస్తాయి. మీరు సొంతంగా గీసుకున్న గీతలకు రేంజ్ ఆఫీసులో విలువ ఉండదు.

3. ఉపగ్రహ చిత్రంతో ముక్కలు చేసుకోండి, పేర్లు పెట్టకండి

సెంటినెల్-2 ఉపగ్రహం చిత్రాలు ఉచితం, 10 మీటర్ల స్పష్టత ఉంటుంది, మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ కూడా ఉచితమే. రెండు కాలాల చిత్రాలు తీసుకోండి. ఒకటి అక్టోబర్-డిసెంబర్ మధ్య, వానలు పడి ఆకు నిండుగా ఉన్నప్పటిది. రెండోది మార్చి-ఏప్రిల్‌ది. రెండూ పక్కపక్కన పెడితే ఆకురాల్చేవి, రాల్చనివి వేరుపడిపోతాయి. కంబాలకొండలో పొడి సతతహరిత పొదలు, చెట్లు ఏప్రిల్‌లోనూ పచ్చగానే ఉంటాయి. టేకు తోట ఆ నెలలో ఎండు కొమ్మల్లా ఉంటుంది. భీమిలి దారిలో, తీరం వెంబడి ఉన్న సరుగుడు తోటలు వరుసలుగా, సూటి అంచులతో దొరికిపోతాయి.

ఇక్కడ ఒక ఆశ పుడుతుంది, దాన్ని తుంచేయాలి. వరుసల్లో నాటిన తోటల సంగతి వేరు. సహజ అడవిలో ఈ చిత్రం చూసి నల్లమద్ది ఏదో చిరుమాను ఏదో చెప్పలేరు. చెప్తున్నామనే మ్యాపులు చాలా తిరుగుతుంటాయి. రంగులు బావుంటాయి. కింద ఎన్ని ప్లాట్లు (కొలవడానికి అడవిలో గుర్తించిన చిన్న జాగాలు) కొలిచారో రాయని మ్యాప్‌ను నేను నమ్మను. ఉపగ్రహ చిత్రం పని ఒక్కటే: ఒకేలా కనిపించే ముక్కలను విడదీసి, ఎక్కడికి వెళ్లి కొలవాలో చెప్పడం. ముక్కలకు అ, ఆ, ఇ అని గుర్తులు పెట్టుకోండి. చెట్ల పేర్లు కొలిచాకే.

4. ప్లాట్లు వేయడం

అసలు తప్పులన్నీ ఇక్కడే జరుగుతాయి. దారి పక్కన, వాగు పక్కన, నీడ చల్లగా ఉన్నచోట ప్లాట్లు వేసేసి "ఇదీ ఈ అడవి" అని రాసేస్తారు. దారి పక్కన మేకలు మేస్తాయి, కట్టెలు కొడతారు, కానుగ, రావి లాంటివి ఎవరో నాటి ఉంటారు. లోపలి అడవి అది కాదు.

మ్యాప్ మీద 200 మీటర్లకొకటి చొప్పున చదరపు గడి గీయండి. 100 హెక్టార్ల అడవిలో దాదాపు 25 చుక్కలు పడతాయి. ఆ అక్షాంశ రేఖాంశాలను ఫోన్‌లోని జీపీఎస్‌లో ఎక్కించుకుని సరిగ్గా అక్కడికే వెళ్లండి. ముళ్లపొద ఉందని పది మీటర్లు పక్కకు జరగొద్దు. ఆ పొద కూడా అడవిలో భాగమే. కొండ చరియ మరీ నిటారుగా ఉండి ప్రాణం మీదికొస్తుందనుకుంటే ఆ చుక్క వదిలేసి, ఎందుకు వదిలేశారో రాయండి. చిన్న ముక్కల్లో చుక్కలు ఒకటో రెండో పడితే అక్కడ అదనంగా వేసి కనీసం ఐదు చేయండి.

ప్లాట్ 0.1 హెక్టారు ఉంటే లెక్క తేలిక. వృత్తమైతే వ్యాసార్ధం 17.84 మీటర్లు. మధ్యలో ఒకరు టేపు పట్టుకుని నిలబడితే ఇంకొకరు చుట్టూ తిరగొచ్చు, మూలలు చూసుకోవాల్సిన పని ఉండదు. చదునైన నేల మీద ఇంతే. మన తూర్పు కనుమల్లో చదును ఎక్కడిది! వాలు మీద టేపును నేల వెంట పరిస్తే ప్లాట్ చిన్నదైపోతుంది. 30 డిగ్రీల వాలు ఉంటే, వాలు దిక్కున 17.84 బదులు 20.6 మీటర్లు వెళ్లాలి. ఫోన్‌లో వాలు చూపించే యాప్ ఉంటే చాలు, 17.84ను ఆ కోణం కొసైన్‌తో భాగించండి. చెట్టు మొదలు నడిమి భాగం గీత లోపల ఉంటే లెక్కలోకి, బయట ఉంటే కాదు.

కాలం విషయానికొస్తే, నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. తుపానులు వెనకబడతాయి, చాలా చెట్లకు ఇంకా ఆకు ఉంటుంది కాబట్టి గుర్తుపట్టొచ్చు. ఏప్రిల్‌లో వెళ్తే మోదుగ, రేల పూలతో మెరిసిపోతాయి, మిగతావన్నీ బోడిగా ఉండి బెరడు చూసి పోల్చుకోవాల్సి వస్తుంది.

5. కొలవడం

చెట్టు చుట్టుకొలతను నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో తీసుకోండి. మన దేశంలో అటవీ కొలతలకు వాడే ఎత్తు ఇదే. కర్ర ఒకటి ఆ పొడవుకు కోసి వెంట పెట్టుకుంటే ప్రతిసారీ టేపుతో ఎత్తు చూసుకునే తిప్పలుండవు. వాలు మీద ఉన్న చెట్టుకు ఎగువ వైపు నిలబడి ఎత్తు చూడాలి. ఒంగిన చెట్టుకు మాను వెంబడే కొలిచి, టేపును మానుకు అడ్డంగా చుట్టాలి. ఆ ఎత్తులో ముడో బుడిపో ఉంటే కాస్త పైనో కిందో కొలిచి పక్కన గుర్తు పెట్టండి. దర్జీ టేపు అయినా ఫర్వాలేదు, సాగిపోనిది చూసుకోండి.

10 సెంటీమీటర్ల వ్యాసం, అంటే సుమారు 31 సెంటీమీటర్ల చుట్టుకొలత నుంచి పైవన్నీ లెక్కపెట్టండి. నరికిన మొదలు నుంచి పిలకలు వేసి నాలుగు మానులుగా పెరిగిన చెట్టు విశాఖ చుట్టుపక్కల కొండల మీద అడుగడుగునా కనిపిస్తుంది. 1.37 మీటర్ల కిందే చీలి ఉంటే నాలుగింటినీ విడివిడిగా కొలవండి, ఒకే మొదలు అని గుర్తు పెట్టండి. ఇలాంటివి ఎక్కువ ఉన్నాయంటే అక్కడ కట్టె కొట్టుడు ఎక్కువని అర్థం. ప్లాన్ రాసేటప్పుడు ఈ సమాచారం చెట్టు పేరుకంటే ఎక్కువ పనికొస్తుంది.

చచ్చిన చెట్లు, పడిపోయినవి ప్రధాన జాతి లెక్కలోకి రావు. విడిగా రాయండి. కొలిచిన ప్రతి చెట్టు మీద సుద్దముక్కతో గీత పెట్టండి, లేకపోతే ఒకే చెట్టును రెండుసార్లు కొలిచేస్తారు.

ప్లాట్ నడుమ 3 మీటర్ల వ్యాసార్ధంలో చిన్న వృత్తం గీసి మొలకలు, చిన్న మొక్కలు ఏ జాతివో లెక్కపెట్టండి. పైన నల్లమద్ది ఉండి కింద ఒక్క మద్ది మొలక కూడా లేదంటే, ఇవాళ్టి పేరు రేపటికి పనికిరాదు.

6. పేర్ల దగ్గర జాగ్రత్త

"మద్ది" అని మాత్రమే రాసుకొస్తే ఇంటికొచ్చాక తలపట్టుకోవాలి. నల్లమద్ది కొండ మీద, తెల్లమద్ది వాగుల వెంట పెరుగుతాయి. రెండూ ఒకటి కావు. "తుమ్మ" సంగతి చెప్పనక్కర్లేదు: నల్లతుమ్మ, తెల్లతుమ్మ, సర్కారు తుమ్మ, ఆపైన అటవీశాఖ నాటిన ఆస్ట్రేలియా తుమ్మ. ఏజెన్సీలో ఒక చెట్టుకు తెలుగు పేరొకటి, గిరిజన భాషల్లో వేరే పేరు, ఒడిశా సరిహద్దు దగ్గర ఇంకో పేరు. ఆ ఊరి పెద్దాయన ఒకరిని వెంట తీసుకెళ్లండి, ఆయన కూలి ఆయనకు ఇవ్వండి. "తాతా, ఈ చెట్టునేమంటారు?" అని అడిగి ఆయన చెప్పిన పేరు ఉన్నదున్నట్టు రాసుకోండి. దాని పక్కనే శాస్త్రీయ నామం ఖాళీ వదిలి, ఆకు, కాయ, బెరడు ఫొటోలు తీయండి. నిర్ధారణ తర్వాత హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కల నమూనాలు దాచే చోట) చేసుకోవచ్చు. ఆంధ్రా యూనివర్సిటీ బోటనీ విభాగం ఊళ్లోనే ఉంది కదా.

శాస్త్రీయ నామాలూ మారుతుంటాయి. నల్లమద్దిని పాత వర్కింగ్ ప్లాన్లలో (అటవీశాఖ రాసే అడవి నిర్వహణ ప్రణాళికల్లో) టెర్మినాలియా టొమెంటోసా అని, కొత్త వాటిలో టెర్మినాలియా ఎలిప్టికా అని రాస్తారు. ఈ సంగతి తెలియక రెండు వేర్వేరు జాతులుగా లెక్కగడితే ప్రధాన జాతి కాస్తా రెండు ముక్కలై కింద పడుతుంది.

7. లెక్క: చెట్ల సంఖ్యా, చెట్టు లావా?

ఏది ప్రధాన జాతి అన్నది చెట్లను లెక్కపెట్టి చెప్పొచ్చు, మాను అడ్డుకోత వైశాల్యం చూసి చెప్పొచ్చు, నీడ ఎంత పరుచుకుందో చూసి చెప్పొచ్చు. అడవి నిర్వహణకు నా ఓటు రెండోదానికే. దాన్నే ఫారెస్టు వాళ్లు బేసల్ ఏరియా అంటారు. కలప, కార్బన్, నీడ మూడూ దాంతో ముడిపడి ఉంటాయి, పైగా టేపు తప్ప వేరే పరికరం అక్కర్లేదు.

చుట్టుకొలతను మీటర్లలోకి మార్చండి. దాన్ని దానితోనే గుణించండి. వచ్చినదాన్ని 0.0796తో గుణించండి. 90 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న చెట్టుకు 0.9 × 0.9 × 0.0796, అంటే 0.0645 చదరపు మీటర్లు. ప్రతి చెట్టుకూ విడిగా చేసి, ఆ తర్వాతే కూడాలి. సగటు చుట్టుకొలత తీసి ఒక్కసారి లెక్క చేసేస్తే తక్కువ వస్తుంది. 40 సెంటీమీటర్ల చెట్టు ఒకటి, 160ది ఒకటి ఉన్నాయనుకోండి. విడివిడిగా చేస్తే రెండింటికీ కలిపి 0.216 వస్తుంది. సగటు 100 అని చేస్తే 0.159 మాత్రమే.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. అనంతగిరి వైపు ఒక కంపార్ట్‌మెంట్‌లో పది ప్లాట్లు వేశారనుకోండి, అంటే మొత్తం ఒక హెక్టారు. అంకెలు నేను కల్పించినవే, సులువు కోసం ఒక్కో జాతిలో చెట్లన్నీ ఒకే లావు అనుకుందాం.

గుంపెన: 120 చెట్లు, 60 సెంటీమీటర్లు, బేసల్ ఏరియా 3.44 చదరపు మీటర్లు
నల్లమద్ది: 40 చెట్లు, 120 సెంటీమీటర్లు, 4.58
చిరుమాను: 60 చెట్లు, 80 సెంటీమీటర్లు, 3.06
ఇతరాలు అన్నీ కలిపి: 80 చెట్లు, 50 సెంటీమీటర్లు, 1.59

మొత్తం 300 చెట్లు, 12.67 చదరపు మీటర్లు. సంఖ్య చూస్తే గుంపెన 40 శాతం, చిరుమాను 20, నల్లమద్ది 13 మాత్రమే. బేసల్ ఏరియా చూస్తే నల్లమద్ది 36 శాతంతో ముందుంటుంది, గుంపెన 27, చిరుమాను 24. అడవి అదే, చెట్లు అవే, ప్రధాన జాతి మారిపోయింది. అందుకే ఏ కొలతో ముందే రాసుకోమన్నది. రెండు రకాల శాతాలూ రిపోర్టులో పెట్టండి, పేరు మాత్రం ఒకదాన్ని బట్టే.

యూనివర్సిటీ ప్రాజెక్టుల్లో ఇంపార్టెన్స్ వాల్యూ ఇండెక్స్ అడుగుతారు. సంఖ్య శాతం, బేసల్ ఏరియా శాతం, ఎన్ని ప్లాట్లలో కనిపించిందన్న శాతం మూడూ కలిపి 300కి వేసే మార్కు అది. జీవావరణ అధ్యయనానికి బాగుంటుంది. కలప, కార్బన్ లెక్కలకు దాన్ని లాక్కురాకండి.

ప్లాట్లు సరిపోయాయో లేదో తేల్చుకోవడానికి చిన్న పరీక్ష ఉంది. సరి సంఖ్య ప్లాట్లతో ఒకసారి, బేసి సంఖ్య ప్లాట్లతో ఒకసారి లెక్క చేయండి. రెండింటిలో ఒకే పేరు వస్తే ధైర్యంగా ముందుకెళ్లండి. వేరు వేరు పేర్లు వస్తే ఇంకొన్ని ప్లాట్లు వేయాలి, లేదా ఆ ముక్కలో నిజానికి రెండు రకాల అడవులున్నాయి.

8. పేరు పెట్టే నియమం

మీ డివిజన్ వర్కింగ్ ప్లాన్‌లో నియమం ఉంటే అదే పాటించండి. లేకపోతే నేను వాడేది ఇది. ఒక జాతి 80 శాతం, అంతకు మించి ఉంటే ఆ జాతి శుద్ధ అడవి. 50 నుంచి 80 మధ్య ఉంటే ఆ జాతి ప్రధాన అడవి. ఏదీ 50 దాటకపోతే, 20 శాతానికి తగ్గని జాతులన్నీ పెద్దది ముందు పెట్టి పేరులో కలపాలి. 20 కూడా ఏదీ చేరకపోతే ఉత్త మిశ్రమ అడవి. ఈ 80, 20 అంకెలు గాలిలోంచి రాలేదు, ఉత్తర అమెరికా అడవులకు అక్కడి ఫారెస్టర్ల సంఘం 1980లో ప్రచురించిన వర్గీకరణలో వాడినవే. మన అడవుల్లో జాతులు చాలా ఎక్కువ కాబట్టి 20 దాటేవి తక్కువగా దొరుకుతాయి, మిశ్రమాలు ఎక్కువ వస్తాయి. దానికి కంగారు పడి గీత కిందికి జరపకండి.

పై లెక్కలోని అడవి ఈ నియమంతో "నల్లమద్ది-గుంపెన-చిరుమాను మిశ్రమ ఆకురాల్చే అడవి" అవుతుంది. చెట్ల సంఖ్యతో వెళ్లి ఉంటే పేరులో నల్లమద్దే ఉండేది కాదు, అంత కలప ఉన్న చెట్టు కాగితం మీద మాయమయ్యేది.

9. ఈ లెక్కకు లొంగనివి

తుప్పలు: నగరం చుట్టూ చాలా కొండలు, యారాడ వాలులు, భీమిలి ఎర్రమట్టి దిబ్బల వైపు జాగాలు చెట్ల లెక్కకు అందవు. 31 సెంటీమీటర్ల మాను ప్లాట్ మొత్తానికి ఒకటో రెండో ఉంటాయి. ఆ ఒక్క చెట్టును పట్టుకుని "తాటి శుద్ధ అడవి" అనేస్తే నవ్వుతారు. ఇలాంటిచోట 30 మీటర్ల టేపు నేల మీద సూటిగా పరిచి, ఏ జాతి పొద ఎన్ని మీటర్ల మేర టేపును కప్పిందో రాయండి. లాంటనా 12 మీటర్లు కప్పితే 40 శాతం. ఫారెస్ట్ సర్వే లెక్కలో 10 శాతంలోపు నీడ ఉన్న అటవీ భూమి తుప్ప కిందికే వస్తుంది, అడవి విస్తీర్ణంలో కలవదు. లాంటనాను నేను అడవి పేరులో పెట్టను. బయటినుంచి వచ్చి ఆక్రమించిన మొక్కలకు విడిగా కాలమ్ ఉంటే చాలు, తొలగించే పనికి అంచనా అక్కడి నుంచే వస్తుంది.

వెదురు: మాను కాదు, గుంపు. గుంపులు ఎన్ని, ఒక్కో గుంపులో బొంగులు ఎన్ని, అందులో ఈ ఏటివి ఎన్ని అని విడిగా లెక్కపెట్టండి. బేసల్ ఏరియాలో కలిపితే అంతా గందరగోళం.

నాటిన తోటలు: టేకు, సరుగుడు, జామాయిల్, జీడిమామిడి. ఇవి ఎంత శుద్ధంగా ఉన్నా సహజ అడవుల పట్టికలో పెట్టకూడదు. జాతి, నాటిన సంవత్సరం, చెట్ల మధ్య ఎడం రాయండి. సంవత్సరం రికార్డుల్లో లేకపోతే ఊళ్లో అడిగితే "హుద్‌హుద్ ముందా, తర్వాతా" అన్నదైనా చెప్తారు. పాతబడి సహజ జాతులు లోపలికి వచ్చేసిన టేకు తోటలు ఏజెన్సీలో ఉన్నాయి. టేకు సగానికి పడిపోయినా మూలం తోట అని రాయడం మానకండి.

కాఫీ: సిల్వర్ ఓక్ నీడ అయితే "సిల్వర్ ఓక్ - కింద కాఫీ". పాత అడవి చెట్లను ఉంచి కాఫీ వేసిన చోట నేరేడు, పనస, మద్ది ఏది పైన ఉందో కొలిచి ఆ పేరే పెట్టి, పక్కన "కింద కాఫీ" అని చేర్చండి. ఈ రెండింటినీ ఒకే గడిలో పడేయడమంత నష్టం ఇంకోటి లేదు. పక్షులకూ వాగులకూ రెండూ ఒకటి కావు.

ఇక బేసల్ ఏరియాకు ఎప్పటికీ అందనివి కొన్నున్నాయి. అడ్డాకు తీగ మాను కాదు. ఇప్ప, చింత, ఉసిరి, కరక్కాయ చెట్లు హెక్టారుకు నాలుగైదే ఉండొచ్చు. శాతాల్లో అవి "ఇతరాలు". కానీ విశాఖ కేంద్రంగా 1956 నుంచి నడుస్తున్న గిరిజన కోఆపరేటివ్ కార్పొరేషన్ కొనే సరుకులు ఇలాంటి చెట్ల నుంచే వస్తాయి. ఊరి ఆదాయం వాటి మీద ఉంటుంది. అడవి పేరు నల్లమద్ది కావచ్చు, గ్రామసభ ప్లాన్‌లో ముందు వరుసలో ఉండాల్సింది ఈ చెట్లే. "జీవనాధార జాతులు" అని కాలమ్ పెట్టి సంఖ్య రాయండి.

10. ప్రభుత్వ పట్టికలతో జత చేయడం

మీరు పెట్టిన స్థానిక పేరు పక్కన ఇంకో రెండు కాలమ్‌లు ఉండాలి. మొదటిది చాంపియన్-సేథ్ రకం. 1968 నుంచి మన దేశమంతా వాడే వర్గీకరణ ఇది, 16 టైప్ గ్రూపులు ఉంటాయి. వర్కింగ్ ప్లాన్లలో, ఫారెస్ట్ సర్వే టైప్ మ్యాపుల్లో ఇదే ఆధారం. అది ప్రధాన జాతి ఒక్కదాన్నే చూడదు, వానలు, వేడి, అడవి రూపం కూడా చూస్తుంది. మన దగ్గర ఎక్కువ భాగం 5వ గ్రూపు, ఉష్ణమండల పొడి ఆకురాల్చే అడవులు. ఏజెన్సీలో వాన ఎక్కువ పడే లోయల్లో, ఎత్తుల్లో 3వ గ్రూపు, తేమ ఆకురాల్చేవి. తీరం దగ్గరి పొడి సతతహరితం 7వ గ్రూపు. ఈ కాలమ్ నింపేటప్పుడు మీ జాతుల జాబితా, ఎత్తు, రెండు కాలాల చిత్రాలు మూడూ ఎదురుగా పెట్టుకోండి.

రెండోది నీడ సాంద్రత: 70 శాతం, ఆపైన ఉంటే చాలా దట్టం, 40 నుంచి 70 మధ్యస్థం, 10 నుంచి 40 పలచన. ఇది అడవి రకం కాదు. పలచన నల్లమద్ది అడవి, దట్టమైన నల్లమద్ది అడవి ఒకే రకం, వేర్వేరు స్థితులు. చేయాల్సిన పనులు వేరు: ఒకచోట నిప్పు, మేత ఆపి మొలకలను కాపాడాలి, ఇంకోచోట పలచన చేయాలో లేదో ఆలోచించాలి.

11. రిపోర్టు

కంపార్ట్‌మెంట్‌కు ఒక వరుస: విస్తీర్ణం, యాజమాన్యం, ప్లాట్ల సంఖ్య, కొలిచిన నెల, ప్రధాన జాతులు శాతాలతో, స్థానిక పేరు, చాంపియన్-సేథ్ రకం, సాంద్రత తరగతి, మొలకల పరిస్థితి, ఆక్రమణ మొక్కలు, జీవనాధార జాతులు. పైన వాడిన నియమం మొత్తం ఒక పేరా. వెనక చెట్లవారీ జాబితా పూర్తిగా జత చేయండి. పేరు నచ్చకపోయినా, రేపు నియమం మారినా, ఆ జాబితా ఉంటే మళ్లీ కొండెక్కకుండానే కొత్త పేరు తీయొచ్చు.

మ్యాప్ ఇస్తుంటే దాన్ని సరిచూసుకోవడానికి విడిగా కొన్ని చుక్కలు ఉంచుకోవాలి, పేర్లు పెట్టడానికి వాడినవి కాకుండా. 50 చుక్కల్లో 41 సరిపోతే 82 శాతం అని రాయండి. ఏ రకాన్ని ఏ రకంగా పొరబడ్డారో కూడా రాయండి, చదివేవాళ్లకు ఎక్కువ ఉపయోగపడేది అదే. 1:50,000 మ్యాప్ మీద హెక్టారు అంటే 2 మిల్లీమీటర్ల గడి. అంతకంటే చిన్న ముక్కలు గీయడం దండగ.

పాత లెక్కలతో పోల్చేటప్పుడు జిల్లా పేరు చూసి మోసపోకండి. 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా మూడైంది. అంతకుముందు 11,161 చదరపు కిలోమీటర్ల జిల్లా, ఇప్పుడు సుమారు 1,048. అరకు, పాడేరు, చింతపల్లి అడవులు అల్లూరి సీతారామరాజు జిల్లాకు, మరికొంత భాగం అనకాపల్లికి వెళ్లాయి. 2021 రిపోర్టులోని విశాఖను ఇప్పటి విశాఖ పక్కన పెట్టి "అడవులు మాయం" అని గ్రాఫ్ గీస్తే అది చెట్ల లెక్క కాదు, సరిహద్దు లెక్క. పోల్చాల్సి వస్తే మండలాల వారీగా విడదీయండి, లేదా కంపార్ట్‌మెంట్ నంబర్లతో వెళ్లండి.

వర్కింగ్ ప్లాన్లు పదేళ్లకోసారి తిరగరాస్తారు, మీ ప్లాట్లు కూడా అప్పటికి మళ్లీ కొలిస్తే చాలు. తుపాను వస్తే మాత్రం ఆగకండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు విశాఖ చుట్టూ కొండల మీద పెద్ద చెట్లు పెద్ద సంఖ్యలో విరిగాయి, కూలాయి. బేసల్ ఏరియాలో ఎక్కువ వాటా లావుపాటి చెట్లదే కాబట్టి ఒక్క రాత్రిలో ప్రధాన జాతి మారిపోవచ్చు. అన్ని ప్లాట్లూ అక్కర్లేదు. గాలికి ఎదురుగా ఉన్న సముద్రం వైపు వాలుల మీదివి, పేరులో ఉన్న జాతి 20 శాతం గీతకు అటూ ఇటూగా ఉన్నవి ముందు తిరిగి కొలవండి. మిగతావి తర్వాతి చలికాలంలో చూసుకోవచ్చు.